బోర్డు మీద పదకొండో వరుస

ఆ ఆస్పత్రి గేటు దగ్గర గోడకు బిగించిన బోర్డు మీద, రోగి వెంట ఉండేవాళ్ళు ఏమేం తెచ్చుకోవచ్చో, ఏమేం తేకూడదో రాసి ఉంటుంది. తెచ్చుకోవలసినవి కుడివైపు: ఒక జత బట్టలు, ఒక దుప్పటి, సబ్బు, దువ్వెన, గ్లాసు, ఫ్లాస్కు, చెప్పులు, పాత చీటీలూ రిపోర్టులూ. తేకూడనివి ఎడమవైపు. ఆ ఎడమవైపు మొదటి ఆరు వరుసలూ పెయింటరు చేత రాయించినవి. నల్లరంగులో, స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. ఏడు నుంచి పదకొండు దాకా మాత్రం ఎర్రరంగులో ఉంటాయి. ఆ అక్షరాలు కాస్త కుడికి వాలి, చివరి వరుసకు వచ్చేసరికి చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఆ ఎర్ర అక్షరాలు గేటుబాబాయివి.

గేటుబాబాయ్ అంటే ఆ గేటు కాపలా మనిషి. పెద్ద డాక్టరు మొదలుకొని వార్డులు ఊడ్చేవాళ్ళ దాకా అందరికీ ఆయన గేటుబాబాయే. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. పంతొమ్మిదేళ్ళుగా అదే గేటు, అదే స్టూలు, అదే ఖాకీ టోపీ. ఆయన బ్యాగు తెరిచి చూసే మనిషి కాదు, చెయ్యి పెట్టి చూసే మనిషి. కళ్ళు ఎదుటివాళ్ళ మొహం మీదే ఉంటాయి, చెయ్యి మాత్రం బట్టల మడతల్లోంచి దూరి అడుగున దాచిన కరెంటు స్టవ్వును పట్టుకుంటుంది. ఆ చేతిని చూసుకుని ఆయనకు కొంచెం గర్వం కూడా. ఆయనుండగా ఆ గేట్లోంచి చీమ కూడా దూరదని నర్సులు అంటుంటే విననట్టు నటించి పూర్తిగా వినేవాడు.

ఎర్ర వరుసలు ఒక్కొక్కటీ ఒక్కో చీవాటు తరవాత పుట్టినవి. ఎవరో మడత కుర్చీ తగిలి పడ్డారు, ఏడో వరుస వచ్చింది. ఎవరో కిటికీకి తాడు కట్టి బట్టలు ఆరేశారు, ఎనిమిదోది వచ్చింది. పదకొండోదానికి కారణం నల్లులు. రెండేళ్ళ కిందట మూడో వార్డు మంచాల్లో నల్లులు పడ్డాయి. సూపరింటెండెంటు అందర్నీ వరసగా నిలబెట్టి మొహం వాచేలా తిట్టి, "ఓ నెల రోజులు పరుపులూ దిండ్లూ చూసి పంపవయ్యా" అన్నాడు. నెల గడిచింది, నల్లులు పోయాయి. సూపరింటెండెంటు కూడా మారాడు. 'ఇంటి దిండ్లు తేరాదు' అన్న వరుస మాత్రం ఉండిపోయింది. చూసి పంపడం కష్టం, వద్దనడం తేలిక. ఆస్పత్రి వాళ్ళెవరూ ఆ బోర్డు చదవరు, వాళ్ళు వెనకవైపు మెట్ల మీదుగా వస్తారు.

సోమవారం పొద్దున పది గంటలప్పుడు, లైను గేటు దాటి రోడ్డు మీదికి పాకిన సమయంలో, ఒకావిడ బ్యాగు తెచ్చి బల్ల మీద పెట్టింది. నలభై దాటి ఉంటాయి. చేతివేళ్ళ చివర్లు నల్లగా, పనిచేసి పనిచేసి గట్టిపడి ఉన్నాయి. బాబాయ్ చెయ్యి లోపలికి పోయి ఫ్లాస్కునీ రిపోర్టుల కవరునీ దాటుకుని, ఒక చిన్న కత్తెరనూ మెత్తటిదాన్నొకదాన్నీ బయటికి లాగింది. దిండు. పాత గొడుగు గుడ్డ ముక్కలు కలిపి కుట్టిన గలీబు, ఒక ముక్క నలుపు, ఒక ముక్క ముదురు ఎరుపు. కుట్లు మాత్రం మిషను మీద వేసినంత వరసగా ఉన్నాయి.

"గొడుగులు బాగుచేస్తారా?" అన్నాడు.

"అవునండి. బస్టాండు పక్కన." ఆవిడ కొంచెం ధైర్యం తెచ్చుకుంది. "దిండు మా అమ్మదండి. నిన్న చేర్పించాం, ఛాతీలో నెమ్ము. పెద్దదైపోయింది, మనుషుల్నీ చోటునీ మర్చిపోతుంది. ఇంటికెళ్ళిపోతానని మంచం దిగిపోతోంది. ఇది తలకింద ఉంటే ఇల్లే అనుకుని పడుకుంటుంది."

"దిండు లోపలికి పోదమ్మా."

"ఇంటి వస్తువేదైనా తెచ్చి పక్కన పెట్టమని సిస్టరే చెప్పారండి."

"అందరికీ సిస్టరే చెప్తుంది. నా చెవిలో మాత్రం ఒక్క సిస్టరూ ఊదదు."

లైనులో నలుగురు నవ్వారు. జనం నవ్వితే బాబాయికి బాగుంటుంది. ఆయన బోర్డు వైపు చూడకుండానే వేలు చూపించాడు, వేలు సరిగ్గా పదకొండో వరుస మీదికే వెళ్ళింది. ఆవిడ చదివింది. చదివాక ఇంకేమీ అనలేదు. ఆ అనకపోవడం ఆయనకు నచ్చింది, మంచి మనిషి అనుకున్నాడు. అట్టముక్క చీటీ మీద నలభై రెండు అని వేసి, దారంతో దిండుకు ఒకటి కట్టి, జోడు చీటీ ఆవిడ చేతిలో పెట్టాడు. కత్తెరకు వేరే చీటీ. అడుగున సూదీ దారపుండా తగిలాయి. సూది బోర్డు మీద లేదు.

"సూది తీసుకెళ్ళమ్మా. లేనిది నేనెందుకు ఆపుతాను?" అన్నాడు న్యాయంగా.

దిండు మెట్లకింద గదిలోకి వెళ్ళింది. ఆ గదిలో మడత కుర్చీలూ, స్టవ్వులూ, ఒక రేడియో, ఎవరివో రెండు చేతికర్రలూ, చీటీలు వేలాడదీసుకుని వరసగా ఉంటాయి.

మంగళవారం మధ్యాహ్నం బాబాయ్ ఇంటికి భోజనానికి వెళ్ళేసరికి భార్య వంటగది గుమ్మానికి ఆనుకుని, పొట్ట పట్టుకుని, నేల మీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది. మూడు నెలలుగా ఆవిడ నొప్పి అంటూనే ఉంది, ఈయన గ్యాసు అంటూనే ఉన్నాడు. సాయంత్రానికి స్కానింగులో అది గ్యాసు కాదనీ, పిత్తాశయం నిండా రాళ్ళనీ తేలింది. చేరిపోవాలి, శుక్రవారం ఆపరేషన్ అన్నారు.

బ్యాగు సర్దడం ఆయనే చేశాడు. ఆ పని తనకంటే ఎవరికి బాగా తెలుసు? ఒక జత బట్టలు, ఒక దుప్పటి, సబ్బు, దువ్వెన. బోర్డు కుడివైపు వరుసలు పైనుంచి కిందికి గొణుక్కుంటూ ఒక్కొక్కటే పెట్టాడు. మంచం మీద ముడుచుకుని పడుకున్న భార్య అది చూసి అంత నొప్పిలోనూ నవ్వింది.

"పంతొమ్మిదేళ్ళు ఊళ్ళో వాళ్ళ బ్యాగులు విప్పారు. ఇన్నాళ్ళకి ఒకటి సర్దుతున్నారు."

"నోరు మూసుకుని పడుకో. ఇంకేం కావాలి?"

"నా దిండు."

అది ఆవిడ స్వయంగా కుట్టుకున్న దిండు. పల్చగా, అరచేతి మందాన ఉంటుంది. మెడనొప్పి మనిషి, దానిమీద తప్ప ఇంకెక్కడా నిద్రపోదు. చుట్టాలింటికి వెళ్ళినా సంచిలో పెట్టుకునే వెళుతుంది.

"దిండు పోదే," అన్నాడాయన. "బోర్డు మీద ఉంది."

"ఆ బోర్డు రాసింది మీరేగా?"

"నేను రాశానని నాకొక న్యాయం, జనానికొక న్యాయమా?"

ఆ మాట అన్నాక ఆయనకు తన మీద తనకు ముచ్చటేసింది. దిండును మంచం మీదే ఉంచి, బ్యాగు జిప్పు లాగాడు.

వార్డులో భార్యకు ఇచ్చిన మంచం కిటికీ పక్కన ఏడో నెంబరు. దానికి అవతల ఎనిమిది. ఎనిమిదో మంచం మీద ఎండు పుల్లలా ఒక ముసలావిడ, పక్కన స్టూలు మీద ఒళ్ళో నల్లటి గుడ్డ పెట్టుకుని కుడుతూ ఒకావిడ. దారాన్ని పళ్ళతో కొరుకుతోంది. బాబాయ్ కత్తెరను గుర్తుపట్టినంత తేలిగ్గా ఆవిణ్ణి గుర్తుపట్టాడు.

టోపీ లేదు, ఖాకీ లేదు. సెలవు పెట్టాడు, గేటు దగ్గర లిఫ్టు నడిపే అతన్ని కూర్చోబెట్టాడు. మామూలు చొక్కాలో తననెవరు పోలుస్తారులే అని మొహం గోడవైపు తిప్పి ఫ్లాస్కు మూత తిప్పుతూ నిలబడ్డాడు. అంతలో అటుగా వెళుతున్న నర్సు ఒకమ్మాయి వార్డంతా వినపడేలా, "అయ్యో, గేటుబాబాయ్, మీరేంటిక్కడ? పిన్నికేమైంది?" అంది. తిప్పుకున్న మొహాన్ని మళ్ళీ ఇటు తిప్పక తప్పలేదు.

గొడుగులావిడ లేచి, తను కూర్చున్న స్టూలు ఆయన వైపు జరిపింది. "కూర్చోండన్నయ్యా. నాకు నేల మీద కూర్చోవడమే అలవాటు," అంది.

ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాక ముసలావిడ చేతులు కనిపించాయి. రెండు మణికట్లకూ గాజుగుడ్డ చుట్టి, మంచం పక్క కమ్మీలకు కట్టేశారు. ఒక చెయ్యి అప్పుడప్పుడూ లేవబోతుంది, గాజుగుడ్డ బిగుసుకుంటుంది, చెయ్యి తిరిగి పడిపోతుంది. చర్మం పల్చన, కట్టు కింద ఎర్రగా కమిలింది.

"ఎందుకలా?" అని బాబాయ్ భార్యే అడిగింది.

"నిన్న సెలైన్ సూది లాక్కుని దిగిపోబోయింది వదినా. మంచం అంచు దాకా వచ్చేసింది. నేను నీళ్ళు పట్టడానికి వెళ్ళాను, రెండు నిమిషాలే. ఇక కట్టక తప్పదన్నారు." గొడుగులావిడ ఆ కట్టు కింద తన వేలు దూర్చి కాస్త వదులు చేసింది. "ఇల్లనిపించేది ఏదైనా ఉంటే కుదురుగా ఉండును. లేదుగా."

అంతే అంది. దిండనలేదు, గేటనలేదు, ఆయన వైపు చూడనైనా చూడలేదు. చూసి ఉంటేనే బాబాయికి కొంచెం తేలికయ్యేది. ఆయన ప్రాణం చివుక్కుమంది, అయినా మనసులో వెంటనే వాదన మొదలుపెట్టాడు. దిండు ఉంటే మాత్రం దిగకుండా ఉంటుందని నమ్మకమేమిటి? అంత మతిలేని మనిషికి దిండు తెలుస్తుందా? నేను ఒక్కరిది పంపితే రేపు వందమంది తెస్తారు. వాదన బాగానే నడిచింది. చెయ్యి లేచి మళ్ళీ పడిపోయినప్పుడల్లా మాత్రం మధ్యలో ఆగిపోయింది.

ఆ వార్డులో మగవాళ్ళు సాయంత్రం ఏడు దాకానే ఉండాలి. రాత్రికి తోడు ఎవరని ఆయన తలపట్టుకుంటుంటే గొడుగులావిడే అంది, "నేనెలాగూ మెలకువగానే ఉంటాను. వదినను కూడా చూస్తాలెండి."

ఆయన తల ఊపి వచ్చేశాడు.

బుధవారం పొద్దున వెళ్ళేసరికి భార్య కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రాత్రి కునుకు లేదు. ఆస్పత్రి దిండు రెక్సిన్ తొడుగుది, ఎత్తుగా, ఇటుకలా ఉంది. తల పెడితే మెడ పట్టేస్తోంది, తీసేస్తే పొట్టలో నొప్పి. రాత్రంతా గొడుగులావిడ రెండుసార్లు లేపి కూర్చోబెట్టి, మెడ రాసి, నీళ్ళు తాగించిందట. దుప్పటి మడిచి పెట్టి చూసిందట, అది జారిపోయిందట. ఇవన్నీ భార్య చెబుతుంటే బాబాయ్ నేల మీద టైల్సు లెక్కపెట్టాడు.

డాక్టరమ్మ వచ్చి బీపీ చూసి పెదవి విరిచింది. "ఇంత బీపీతో మత్తివ్వలేం. రేపు సాయంత్రానికి దిగకపోతే శుక్రవారం లిస్టులోంచి తీసేస్తాను. మళ్ళీ లిస్టు పన్నెండు రోజుల తరవాతే. ఈలోగా రాయి జారి నాళంలో పడితే అదొక గొడవ." బిళ్ళ మార్చింది. "ముందు ఆవిణ్ణి నిద్రపోనివ్వండి."

ఆ రాత్రీ నిద్ర లేదు. గురువారం పొద్దున బీపీ ఇంకాస్త పెరిగింది. భార్య మాట్లాడ్డం కూడా మానేసి కళ్ళు మూసుకుని పడుకుంది, మూసిన కళ్ళ అంచుల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. నలభై ఏళ్ళలో ఆవిడ ఆయన్ని చాలా అడిగి ఉంటుంది, ఈసారి మళ్ళీ అడగలేదు. ఆయన భుజాన సంచి తగిలించుకుని ఇంటికి బయలుదేరాడు.

ఇంట్లో దిండును చేతిలోకి తీసుకున్నాక అసలు పని మొదలైంది. దాన్నెలా లోపలికి తీసుకెళ్ళాలి? జనం దిండ్లు ఎక్కడ దాస్తారో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దుప్పటి మడతలో పెడతారు, అక్కడ దొరికిపోతుంది. చొక్కా కింద నడుముకు కట్టుకుంటారు, నడక చెబుతుంది. ఆలోచించి ఆలోచించి, దిండును చాపలా చుట్టి, రెండు తువ్వాళ్ళ మధ్య పెట్టి, పైన రిపోర్టుల కవరు, ఆ పైన మూత సరిగా పెట్టని ఫ్లాస్కు పెట్టాడు. చెయ్యి పెట్టేవాడి వేళ్ళకు ముందు తడి తగులుతుంది, వెంటనే వెనక్కి లాక్కుంటాడు. పంతొమ్మిదేళ్ళ అనుభవం ఆ సంచిలో పెట్టాడు.

గేటు దగ్గర లైన్లో నిలబడ్డాడు. ముందున్న మనిషి బ్యాగులోంచి లిఫ్టతను ఒక చిన్న దిండు తీసి పక్కన పెట్టి, బోర్డు చూపించి, చీటీ రాశాడు. ఆ మనిషి బతిమాలుతున్నాడు. లిఫ్టతను, "నేనేం చేయను, రూలు నాది కాదు," అంటున్నాడు. బాబాయ్ సంచి భుజం మార్చుకున్నాడు. తన వంతు వచ్చింది. సంచి బల్ల మీద పెట్టాడు.

లిఫ్టతను దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "మీ సంచి నేను చూడటమేంటి బాబాయ్, నవ్విపోతారు. పదండి పదండి," అని గేటు తీశాడు.

పక్కన దిండు పోగొట్టుకున్న మనిషి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. బాబాయ్ సంచి గుండెలకు హత్తుకుని, ఫ్లాస్కులోంచి పాలు కారి చొక్కా తడుస్తున్నా ఆగకుండా మెట్లెక్కేశాడు. ఏ మెట్టు దగ్గరా తలెత్తలేదు.

భార్య తలకింద దిండు పెట్టాడు. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెంపతో దాన్ని పోల్చుకుంది. ఒక నిట్టూర్పు విడిచింది, పావుగంటలో సన్నగా గురక పెట్టింది. ఆ గురక మీద ఆయన ఇన్నాళ్ళూ ఎన్ని విసుర్లు విసిరాడో, ఇప్పుడు దాన్ని వింటూ అలా నిలబడిపోయాడు. నిలబడి, ఎందుకో పక్కకు తిరిగితే, గొడుగులావిడ కూడా ఆ దిండునే చూస్తోంది. చూసి, తలవంచుకుని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఆయన తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి. ఏమనాలి? ఏడో మంచానికి దిగిన న్యాయం ఎనిమిదో మంచానికి దిగలేదని అనాలా?

సాయంత్రం నాలుగింటికి హెడ్ సిస్టర్ రౌండుకు వస్తున్న చప్పుడైంది. ఆవిడ చెప్పుల టకటక వార్డులో అందరికీ తెలుసు. గేటు మనిషే దిండు దాటించాడని తేలిపోతుందని బాబాయ్ భయం. భార్య నిద్ర చెడకుండా దిండు లాగడం ఎలా? ఒక చేత్తో దుప్పటి అంచు పైకి లాగాడు, చాలలేదు. టకటక ఆరో మంచం దాకా వచ్చింది. అప్పుడు గొడుగులావిడ ఒళ్ళోని నల్లటి గొడుగు గుడ్డను, అదేదో ఆరేయడానికన్నట్టు, దిండు మీద పరిచేసింది.

హెడ్ సిస్టర్ వచ్చి ఆ గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తింది. "ఏంటిది, ఏం దాస్తున్నారు?"



"దిండేగా," అని తేల్చేసింది సిస్టర్. చార్టు చూసింది, బీపీ పట్టీ కట్టి చూసింది, మొహం విప్పారింది. "చూశారా, ఎంత దిగిందో. రేపటి లిస్టులోనే ఉంటారు. మనిషికి ఇంటి దిండు తెచ్చి పెట్టారు, ఆవిడ హాయిగా పడుకుంది. మా బాబాయికి తెలిసినట్టు అందరికీ తెలిస్తే మాకింత బాధ లేదు." ఎనిమిదో మంచం వైపు తిరిగింది. "నువ్వూ ఉన్నావు. నేను ఆదివారమే చెప్పానా లేదా? దిండో దుప్పటో, ఇంటి వాసన ఉండేది ఏదో ఒకటి తెచ్చి పెట్టమని? ఐదు రోజులైంది. తెచ్చావా?"

గొడుగులావిడ సూది పట్టుకున్న చెయ్యి ఆగింది. "బోర్డు మీద..." అంది మెల్లగా.

"బోర్డు మీద ఏముంది? దిండ్లు తేవద్దని ఎవరన్నారు? ఇదిగో, గేటు మనిషి ఇక్కడే ఉన్నాడుగా. బాబాయ్, చెప్పండి. దిండు తేకూడదని మనమెప్పుడైనా అన్నామా?"

అది ఒక్క మాటతో తేలిపోయే ప్రశ్న. ఆస్పత్రి అనలేదు, నేనన్నాను. మూడు మాటలే. బాబాయ్ నోరు తెరిచాడు. ఉద్యోగం కళ్ళముందు మెదిలింది, ఈ వార్డంతా ఈ రాత్రికి చెప్పుకోబోయేది చెవుల్లో వినపడింది. భార్య తలకింద దిండు కనిపించింది.

"లేదు సిస్టర్," అన్నాడు.

"విన్నావుగా," అంది సిస్టర్. "నీ బద్ధకానికి మీ అమ్మ చేతులు కట్టాల్సి వచ్చింది. మత్తు బిళ్ళలు కూడా వేస్తున్నాం. ఆమె ఒంటికి అవి మంచివా? కాస్త బాధ్యత ఉండొద్దా?"

గొడుగులావిడ ఇప్పుడు ఆయన్ని చూసింది. మొదటిసారి, నిదానంగా, మొహంలోకి. ఆ చూపులో కోపం ఉంటుందని ఆయన కాచుకుని ఉన్నాడు. లేదు. లైన్లో ముందు వెనకలుగా నిలబడ్డ ఇద్దరిలో ఒకరు రెండోవాళ్ళను చూసే చూపులాంటిది. తరవాత ఆవిడ తల దించుకుంది.

"అవును సిస్టర్. ఆలస్యం చేశాను," అంది.

టకటక తొమ్మిదో మంచానికి వెళ్ళిపోయింది. బాబాయికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భార్య పక్కకు ఒత్తిగిలుతున్నట్టు కదిలింది. కళ్ళు తెరిచే ఉంది. ఎప్పట్నుంచి తెరిచి ఉందో.

"లేదని ఎలా అనగలిగారండీ?" అంది. గొంతు పెంచలేదు. నిద్రమత్తులో ఉన్నా మాట చాలా స్పష్టంగా వచ్చింది.

ఆయన లేచి కిందికి వెళ్ళాడు. మెట్లకింద గది తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది. నలభై రెండు చీటీ ఉన్న దిండు అరమీద రేడియోకూ చేతికర్రలకూ మధ్య ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి దుమ్ము దులిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొబ్బరినూనె వాసన, తడి గొడుగుల వాసన, ఇంకా ఏదో పాతకాలపు వాసన. ఇల్లు. నాలుగు రోజులుగా ఆ ఇల్లు తన మొలకున్న తాళం వెనక ఉండిపోయింది. ఆయనకు ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండునని మాత్రం అనిపించింది.

పైకి తెచ్చి, ఏమీ అనకుండా గొడుగులావిడ చేతికిచ్చాడు. ఆవిడ కొంగు అంచుతో ఒకసారి తుడిచి, తల్లి తల మెల్లగా ఎత్తి కింద పెట్టింది. కట్లు విప్పింది. ముసలావిడ చెయ్యి స్వేచ్ఛగా లేచింది, వెనక్కి వెళ్ళింది, దిండు అంచు మీద కుట్లను తడిమింది. ఒక్కో కుట్టునూ వేలితో లెక్కపెట్టినట్టు తడిమింది. కూతురు వంగి చూస్తోంది, బాబాయ్ కూడా.

"ఎవరిదమ్మా ఇది?" అంది ముసలావిడ.

"నీదేనే అమ్మా. నువ్వే కుట్టావు. చూడు, నల్లముక్క, ఎర్రముక్క."

ముసలావిడ ఒప్పుకోలేదు. మర్యాదగా, పరాయి ఇంట్లో పొరపాటున ఎవరి వస్తువో ముట్టుకున్న మనిషిలా చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాది కాదమ్మా. ఎవరిదో వచ్చేసింది. ఇచ్చెయ్యి. పాపం, ఇది లేక నిద్రపట్టక వెతుక్కుంటుంటారు."

తల పక్కకు జరిపి, దిండు వదిలేసి, బోసి పరుపు మీద పడుకుంది. ఇంటికి వెళతానని అనలేదు. మంచం దిగబోలేదు. రెండు చేతులూ వాటంతటవే కమ్మీల పక్కకు వెళ్ళి, కట్లున్న చోటే ఆగాయి.

బాబాయ్ వార్డు చివర బల్ల దగ్గరికి వెళ్ళాడు. హెడ్ సిస్టర్ చార్టులు రాసుకుంటోంది. నిలబడే చెప్పాడు. సోమవారమే ఆమె దిండు తెచ్చిందనీ, సిస్టర్ తెమ్మన్నదని కూడా చెప్పిందనీ, తానే ఆపాననీ, ఆ వరుస ఆస్పత్రిది కాదు తనదేననీ, ఇందాక అబద్ధమాడాననీ. వరసగా, గేటు దగ్గర వస్తువులు చదివి రాయించినట్టు చెప్పాడు. సిస్టర్ కలం ఆగిపోయింది. కలానికి మూత పెట్టింది.

"నాకు చెప్తే ఏమొస్తుంది బాబాయ్?" అంది. "నేను తిట్టింది ఆమెను."

ఆవిడే లేచి ఎనిమిదో మంచం దగ్గరికి వెళ్ళింది. ఏదో మెల్లగా అంది, గొడుగులావిడ భుజం మీద చెయ్యి వేసింది. గొడుగులావిడ తల ఊపింది. బాబాయ్ దూరంగా నిలబడ్డాడు. సిస్టర్ వెళ్ళాక దగ్గరికి వచ్చి మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడే అంది.

"పోనీలెండన్నయ్యా. మీరు ఆపారు సరే. రెండోసారి అడగాల్సింది నేను. అడగలేదు. అడిగితే మళ్ళీ నవ్వుతారని."

ఆ మాట ఆయన మీద సూపరింటెండెంటు తిట్లన్నిటికంటే గట్టిగా పడింది.

శుక్రవారం ఆపరేషన్ బాగానే జరిగింది. మంగళవారం నుంచి భార్య ఇంట్లో, తన దిండు మీద. ఆయనతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది, మందులూ నీళ్ళూ గురించి. ఆయన దానికి తగినవాణ్ణేనని ఊరుకున్నాడు. బుధవారం తిరిగి డ్యూటీకి వచ్చాడు. రాగానే రంగు చెరిపే తార్పిన్ నూనె తెచ్చి, గుడ్డ ముంచి, బోర్డు మీద పదకొండో వరుసను రుద్దాడు. ఎర్రరంగు పోయింది. రెండేళ్ళ ఎండకు చుట్టూ ఉన్న రంగు వెలిసింది, అక్షరాల కింద మాత్రం వెలవలేదు. ఎరుపు పోయినా అవే మాటలు ముదురు మచ్చల్లా కనపడుతూనే ఉన్నాయి. లైన్లోవాళ్ళు వాటినే చదివి, దిండు దాచుకుంటున్నారు. "తెచ్చుకోవచ్చమ్మా, తెచ్చుకోవచ్చు," అని ఆయన ఒక్కొక్కరికీ నోటితో చెప్పాల్సి వచ్చింది.

పదకొండింటికి చక్రాల కుర్చీ ఒకటి మెట్ల పక్క వాలు మీంచి దిగింది. ముసలావిడ, వెనక తోస్తూ గొడుగులావిడ. నెమ్ము తగ్గింది, పంపేస్తున్నారు. కుర్చీ గేటు దగ్గర ఆగింది. కత్తెర చీటీ ఇస్తే ఆయన కత్తెర తెచ్చి రెండు చేతులతో ఇచ్చాడు.

గొడుగులావిడ బ్యాగు బల్ల మీద పెట్టి జిప్పు తీసింది.

"అక్కర్లేదమ్మా," అన్నాడాయన కంగారుగా. "బయటికెళ్ళేవాళ్ళవి చూడం."

"చూడండన్నయ్యా. మీ ఆస్పత్రివి రెండు తీసుకెళ్తున్నాను. సిస్టర్ని అడిగాను, తీసుకెళ్ళమన్నారు. రేపెవరూ మాట అనకూడదు."

ఆయన చెయ్యి పెట్టలేదు, వంగి కళ్ళతో చూశాడు. పైన దిండు, నల్లముక్క, ఎర్రముక్క. దిండు మీద గాజుగుడ్డ కట్లు రెండు. ఉతికి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి ఉన్నాయి.

"నేను బస్టాండుకి వెళ్ళాక ఇంట్లో ఎవరూ ఉండరు," అంది ఆవిడ. "ఇవి కడితే తప్ప ఇప్పుడు నిద్రపోవట్లేదు."

కుర్చీలో ముసలావిడ రెండు చేతులూ పక్క కమ్మీల మీద పెట్టుకుని, ఎవరో వచ్చి కట్టేదాకా ఆగినట్టు, కదలకుండా కూర్చుని ఉంది. గేటుబాబాయ్ బ్యాగు జిప్పు తానే వేసి, గేటు రెండు రెక్కలూ తీశాడు.